టీచరమ్మ సంతకం

టీచరమ్మ పోయిన మర్నాడు మా గ్రూపులో సంతాప సందేశాలు వచ్చాయి. కొచ్చి నుంచి, పుణె నుంచి, పేర్లే తప్ప ముఖాలు తెలియని దూరదేశాల మనుషుల నుంచి. అందరూ మంచి మాటలే రాశారు. ఒకాయన మాత్రం చివర్లో ఇంకో మాట చేర్చాడు. చూపు మందగించిన రోజుల్లో జరిగిన ఆ ఒక్క పొరపాటు తప్పిస్తే, ఇన్నేళ్లలో ఆవిడ చేతి మీదుగా ఒక్క చెడ్డ సరుకు కూడా బయటికి పోలేదట. మెచ్చుకుంటూనే రాశాడు. దాని కింద చాలామంది దండం బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను.

ఆ పొరపాటు ఆవిడది కాదు, నాది. గ్రూపులో ఆ సంగతి తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. దండం బొమ్మ పెట్టి ఊరుకోవడం ఇక నావల్ల కాలేదు. అందుకని ఇది రాస్తున్నాను. అయితే ఆవిడ ఎలాంటి మనిషో చెప్పకుండా జరిగింది చెబితే ఏదో కంప్యూటర్ల గొడవలా ఉంటుంది. కాబట్టి ముందు మనిషి సంగతి.

నరసరావుపేటలో ఆవిడ ఇల్లు మా ఇంటికి రెండు సందుల అవతల. సత్తెనపల్లిలో జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. పొద్దున బస్సులో పోయి సాయంత్రం బస్సులో వచ్చేది. పెళ్లి చేసుకోలేదు. ఇంట్లో ఆవిడా, బట్టలు కుట్టే చెల్లెలూ. యాభై దాటిన మనిషి. కళ్లజోడుకి నల్లదారం కట్టి మెళ్లో వేలాడేసుకునేది. చదవాల్సి వస్తే దాన్ని పెట్టుకునేది కాదు, చేత్తో పట్టుకుని స్క్రీను మీద భూతద్దంలా అటూ ఇటూ ఆడించేది. పెట్టుకోవచ్చుగదా అక్కా అంటే, "పెట్టుకుంటే అన్నీ కనపడతయ్ రా, చికాకు" అనేది.

నేను మొదటిసారి ఆవిడ దగ్గరికి పోయింది పాడైన ఫోన్ పట్టుకుని. కంపెనీ వాళ్లు ఆ మోడలుకు అప్‌డేట్లు ఆపేశారు, షాపువాడు పారేయమన్నాడు. అలాంటి ఫోన్లకు కొత్త సిస్టమ్ ఎక్కించే టీచరమ్మ ఒకావిడ ఉందని ఎవరో చెప్పారు. నేను హైదరాబాదు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నానని తెలిసి ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"సాఫ్ట్‌వేరోడివేగా, నీ ఫోన్ నువ్వు బాగుచేసుకోలేవా?"

"మాది వేరే సాఫ్ట్‌వేరక్కా. బ్యాంకులది."

"ఆహా. డాక్టరువేగానీ పశువుల డాక్టరువన్నమాట."

వసారాలో ఉన్న వాళ్లందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ తర్వాత ఏడెనిమిదేళ్లు ఆ వసారా వదల్లేదు.

అక్కడ జరిగే పని ఇది. కంపెనీలు వదిలేసిన పాత ఫోన్ల కోసం దేశదేశాల్లో కొందరు కలిసి ఉచితంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేస్తున్నారు, మా గ్రూపు వాళ్లదే. అందులో కాల్స్ చూసే ప్రోగ్రాం వేరు, అలారం వేరు, తెలుగు అక్షరాలు వేరు, కీబోర్డు వేరు. ఒక్కోదాన్ని ఒక్కో ప్యాకేజీ అంటారు. అన్నీ ఒకచోట దాచి ఉంచుతారు. దాన్ని రిపాజిటరీ అంటారు. ఫోన్లన్నీ అక్కడికి వచ్చి తమకు కావలసింది తీసుకుపోతాయి. రాసేవాళ్లు రాసి పడేస్తూనే ఉంటారు. ఏది పనికొచ్చేది, ఏది సగం ఉడికింది, ఏది ఏ ఫోనుకు సరిపోతుంది, దేన్ని పట్టించుకునే దిక్కు లేదు, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని వేరుచేయాలి. పేరు రాని పని. దాని కోసం ఎవరూ ముందుకు రారు. ఆ ఎవరో ఒకరు నరసరావుపేటలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మరమరాలు తింటూ, పక్కన టేబుల్ ఫ్యాను గరగరలాడుతుంటే ఆ పని చేసేది.

ఆవిడ పుట్టింది శావల్యాపురం దగ్గర. తల్లిదండ్రులు మిరపకాయల కూలికి పోయేవాళ్లు. చర్చి బడిలో చదువుకుంది. "అక్షరాల కంటే ముందు నాకొచ్చింది కాయలేరటం" అనేది. ఆవిడ చేరేనాటికి ఆ రిపాజిటరీ ఒక కుప్ప. చూసిన వెంటనే గ్రూపులో ఇంగ్లీషులో తిట్టింది: పండుకాయా తాలుకాయా ఒకే గోతంలో పోసి తొక్కారు, మీరు ఎప్పుడన్నా ఎక్కడన్నా పంట అమ్మారా అని. వాళ్లకు అర్థం కాలేదు. అప్పుడు తన ఊళ్లో కల్లం ఫొటో పంపింది. నేల మీద ఎర్రగా పరిచిన కాయలు, పక్కన ఏరి పోసిన తెల్ల తాలుకాయలు, కుట్టిన బస్తాలు. ఆ ఫొటోలో ఉన్నట్టే రిపాజిటరీని మూడు భాగాలు చేసింది. కొత్తగా వచ్చిందేదైనా ముందు కల్లంలో ఆరాలి. ఆరితేనే గోడౌనుకు పోతుంది. మామూలు జనాల ఫోన్లకు గోడౌనులో సరుకే అందుతుంది. చెడిందీ, చూసే దిక్కు లేనిదీ తాలులోకి. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేర్లే పెట్టింది. ఇప్పటికీ జర్మనీలో ఉన్న ఒకాయన, అది ఇంకా కల్లంలో ఉంది, తొందరపడకండి అని రాస్తుంటాడు. ఆయనకు మిరపకాయ ఎలా కాస్తుందో తెలుసో లేదో నాకు తెలియదు.

ఆరిందో లేదో చూసే పద్ధతి కూడా ఆవిడదే. మిగతావాళ్లు ప్రోగ్రాములు రాసి ప్రోగ్రాములను పరీక్షిస్తారు. ఆవిడ అదీ చేసేదిగానీ దాన్ని లెక్కలోకి తీసుకునేది కాదు. పిట్టగోడ మీద వరసగా పెట్టి చార్జింగ్ ఎక్కించిన పాత ఫోన్లను ఊళ్లో వాళ్లకు ఇచ్చేది. సత్తెనపల్లి బస్సు కండక్టరుకు ఒకటి, మా వార్డులో టీకాలు వేసే నర్సమ్మకు ఒకటి, చర్చిలో పాటలు పాడే ఒకామెకు ఒకటి. వాడుకోండి అని ఇచ్చి కొన్నాళ్లాగి అడిగేది. పనిచేస్తోందా అని అడిగేది కాదు. అలా అడిగితే మొహమాటానికి బానే ఉందంటారట.

"ఏమయ్యా కండక్టరూ, ఫోన్‌ని ఏమన్నా తిట్టావా?"

"అయ్యో లేదు మేడం."

"నిజం చెప్పు. దేవుడు చూస్తున్నాడు."

"ఒకసారి... టికెట్లు కొట్టేటప్పుడు మా ఆవిడ ఫోన్ చేస్తే ఎత్తటానికి రాలా. అప్పుడొక మాటన్నా."

"ఎవర్నన్నావ్? ఫోన్‌నా, మీ ఆవిణ్నా?"

"ఇద్దర్నీ మేడం."

బస్సంతా నవ్వేది. ఆవిడ మాత్రం నవ్వకుండా కళ్లజోడు ఆడించుకుంటూ అది రాసుకునేది. ఎవరో ఒకరు తిట్టిన ప్యాకేజీ గోడౌను గడప తొక్కేది కాదు. ఎంత పెద్దవాడు రాసినా సరే. కొచ్చిలో సర్వర్లు చూసే అమ్మాయి ఒకసారి అడిగింది, ఇదేం కొలమానం మేడం అని. "తిట్టు ఊరికే రాదమ్మా, లోపల ఎక్కడో తడుంటేనే వచ్చిద్ది" అని జవాబు రాసి, దాన్ని ఇంగ్లీషులోకి మార్చలేక నన్ను మార్చమంది. నాకూ రాలేదు.

ప్యాకేజీలతో మాట్లాడేది. ఒక చిన్న ప్రోగ్రాం తనకు తోడు ఇంకో పదింటిని కూడా తెమ్మందనుకోండి, "ఏమే, నువ్వొక్కదానివి రాలేవా? చుట్టాలందర్నీ వెంటేసుకొస్తే ఎక్కడ పడుకోబెట్టను?" అని స్క్రీనును కసిరేది. మెత్తటి మనిషి మాత్రం కాదు. కాలేజీలో ఆవిడంటే హడలు. నన్ను మనుషుల ముందు ఎంత మాటంటే అంత మాట అనేది. తను పట్టిన పట్టు తప్పని తేలినా ఒప్పుకోవడానికి నాలుగు రోజులు పట్టేది. ఒప్పుకున్నాక మాత్రం గ్రూపులో అందరి ముందూ రాసేది.

సంతకం సంగతి ఇక్కడ చెప్పాలి. గోడౌనులోకి పోయే ప్రతి ప్యాకేజీ మీదా ఒక సంతకం పడుతుంది. కలంతో పెట్టేది కాదు. తాళంచెవిలాంటి రహస్యపు ఫైలు ఒకటి ఉంటుంది, అది చేతిలో ఉన్నవాళ్లే పెట్టగలరు. ఫోన్ ఆ సంతకం చూసుకుని, టీచరమ్మ చూసిందేలే అని లోపలికి రానిస్తుంది. ఆ తాళం ఒక పెన్‌డ్రైవులో ఉండేది. దాన్ని చేతిసంచిలో బైబిలు పక్కన పెట్టుకుని తిరిగేది. తాళం ఎవరికీ ఇవ్వకూడదు, ఇస్తే అది పోయినట్టే లెక్క అని రూలు రాసింది కూడా ఆవిడే.

రెండేళ్ల కిందట నేనొక ప్యాకేజీ రాశాను. కాల్స్ చూసే ప్రోగ్రాం. కంపెనీ పని అయ్యాక, సెలవుల్లో కూర్చుని నెలలకొద్దీ రాశాను. పాతదానికన్నా ఎంతో బాగుందని గ్రూపులో అందరూ అన్నారు. ఆవిడ కల్లంలో పడేసింది. కండక్టరు తిట్టలేదు. పాటల ఆమె తిట్టలేదు. నర్సమ్మ తిట్టింది.

"ఎందుకు తిట్టావే?" అని టీచరమ్మ అడిగింది.

"ఏమో అక్కా, మొన్న కరెంటు పోయి చార్జింగంతా అయిపోయింది. మళ్లీ పెట్టినాక చానాసేపు ఆ మొదటొచ్చే బొమ్మ దగ్గరే నిలబడింది, తెరుచుకోలా. తర్వాత తెరుచుకుందిలే. అప్పుడే తిట్టా."

అంతే. ఒక్కసారి, ఒక్క తిట్టు. మా ఇళ్లలో ఎండాకాలం కరెంటు ఎట్లా పోతుందో తెలిసిందే. పూర్తిగా ఖాళీ అయిన ఫోన్‌ని మళ్లీ పెట్టినప్పుడు ఏదో తేడా ఉంది. నేను ఎన్నిసార్లు చేసి చూసినా నాకు రాలేదు. పుణె వాళ్లకూ రాలేదు. వాళ్ల ఫోన్లు ఖాళీ అవడమే తక్కువ. గ్రూపులో ఎప్పుడు ఎప్పుడు అని అడుగుతున్నారు. నర్సమ్మ తిట్టిందట, ఆగాలట అని వాళ్లకు రాయడం నాకు నామోషీగా ఉండేది. ఆవిడ మాత్రం కదల్లేదు.

"ఆరలేదబ్బాయ్. తడి కాయ బస్తాలో కుట్టితే బస్తా మొత్తం బూజొచ్చిద్ది."

"నెలలైందక్కా."

"నెలలైతే ఏంది? వాన పడుతుంటే ఆరుద్దా?"

అదే ఎండాకాలంలో ఆవిడ కంటి ఆపరేషన్‌కు గుంటూరు పోయింది. శుక్లాలు. పోయే ముందు పెన్‌డ్రైవు నా చేతిలో పెట్టింది. నేను అడగలేదు. "కొన్నాళ్లు స్క్రీను చూడొద్దంట. ఈలోపల ఎక్కడన్నా భద్రతకి సంబంధించి కొంప మునిగేది ఏదన్నా వస్తే నువ్వు సంతకం పెట్టు. నిప్పంటుకుంటే నీళ్లు పొయ్యటానికే ఇస్తున్నా. వేరే దేనికీ తలుపు తియ్యబాక" అంది. చెల్లెలు ఆటోలో కూర్చుని పిలుస్తోంది. ఆవిడ ఆటో ఎక్కి, తల బయటికి పెట్టి, "విన్నావా?" అంది. విన్నానన్నాను.

మర్నాడు నా ప్యాకేజీని గోడౌనులోకి మార్చాను. ఆవిడ తాళంతో. ఆవిడ సంతకంతో. ఆవిడ తిరిగొచ్చేసరికి అంతా సాఫీగా నడుస్తూ ఉంటుంది, ఒకమాట తిట్టి ఊరుకుంటుంది అనుకున్నాను. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు. గ్రూపులో చప్పట్ల బొమ్మలు వచ్చాయి. ఆ సాయంత్రం హాయిగా ఉన్నాను.

తర్వాత మన వైపు పాత మోడల్ ఫోన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కరెంటు పోవడం, చార్జింగ్ అయిపోవడం, మళ్లీ పెడితే బొమ్మ దగ్గరే నిలబడిపోవడం. ఈసారి తెరుచుకోలేదు. నర్సమ్మ ఫోన్ కూడా. ఆమె వార్డులో ఒక అమ్మాయికి నొప్పులొస్తే ఇంట్లోవాళ్లు ఆమెకు ఫోన్ చేసి, చేసి, చివరకు ఆటో పిలిచారు. బిడ్డ ఆటోలోనే పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. కానీ వాళ్లు వచ్చి నర్సమ్మను వీధిలో నిలబెట్టి తిట్టారు. పైనుంచి ఆమెకు మెమో వచ్చింది.

టీచరమ్మ గుంటూరు నుంచి వచ్చేసరికి వసారా నిండా జనం. క్యారీ బ్యాగుల్లో ఫోన్లు పట్టుకొచ్చారు. ఆవిడ నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. చెల్లెలు మధ్యమధ్యలో వచ్చి తల వెనక్కి వంచి కంట్లో చుక్కలు వేస్తోంది. నేను కింద చాప మీద కూర్చుని ఒక్కో ఫోనుకు కేబులు పెట్టి పాతది ఎక్కిస్తున్నాను. గ్రూపులో అప్పటికే చూసేశారు, సంతకం ఎవరిదో. ఊళ్లోకీ ఆ మాట వచ్చేసింది.

"కళ్లు బాగలేనప్పుడు ఎందుకమ్మా నీకీ పనులు?" అన్నాడొక పెద్దాయన.

"నిజమేనయ్యా" అంది టీచరమ్మ.

"కాస్త చూసుకోవాలిగదా టీచరమ్మా. మా కోడలికి వంద ఫోన్లొస్తయ్" అంది ఇంకొకామె.

"తప్పేనమ్మా. ఇక అట్టా జరగదు."

నర్సమ్మ వచ్చింది. ఏడ్చి వచ్చినట్టు ఉంది. ఫోన్ ఇచ్చి, తీసుకుని, పోయింది. పోతూ, "ఇక నాకు పరీక్షలకి ఇయ్యబాకక్కా. మామూలుగా ఉండేది ఇయ్యి చాలు" అంది. టీచరమ్మ తలూపింది.

నేను ఆ పక్కనే ఉన్నాను. మోచేయి తగిలేంత దగ్గర. నల్లద్దాల వెనక ఆవిడ ఎటు చూస్తోందో తెలియలేదు. ప్రతి మనిషి వచ్చినప్పుడూ ఈ మనిషికి చెబుదాం అనుకున్నాను. ఆ మనిషి పోయేవాడు, ఇంకొకరు వచ్చేవారు.

తర్వాత గ్రూపులో, చాలా మర్యాదగా, ఆవిడ ఆరోగ్యం దృష్ట్యా గోడౌను బాధ్యత నాకు అప్పగిస్తే బాగుంటుందన్నారు. ఆవిడ సరేనంది. కొత్త తాళం నా పేరు మీద తయారైంది. ఆవిడ ఎప్పటిలాగే ప్యాకేజీలు ఏరి నాకు పంపేది, నేను సంతకం పెట్టేవాణ్ని. ఆ ఇంట్లో నాకు టీ రావడం ఆగిపోయింది. చెల్లెలు మంచినీళ్లు మాత్రం ఇచ్చేది.

ఒక ఆదివారం చర్చి నుంచి ఆవిడ వచ్చేవేళకు వసారాలో కూర్చుని ఉన్నాను. ఆవిడ ఇంకా తెల్లచీరలోనే ఉంది. చెక్కల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ధైర్యం చేసి మొదలుపెట్టాను.

"అక్కా, ఆ రోజు నేను..."

"కంటికి కట్టు కట్టుకుని మంచం మీద పడుకున్న మనిషి సంతకం ఎట్టా పెట్టిద్దిరా? నాకు తెలవదనుకున్నావా?"

"మరి చెప్పలేదేంటక్కా ఎవరికీ?"

"నేను చెప్తే చాడీ అయిద్ది. నువ్వు చెప్తే నిజం అయిద్ది."

నేను డబ్బా మూత తీసి పక్కన పెట్టాను. ఆవిడే అంది: "తాళం ఇచ్చింది నేను. ఇవ్వకూడదని రూలు రాసిందీ నేనే. దానికి తిట్లు తిన్నా. అంతవరకూ నా వంతు. మిగిలింది నీది."

"కోపంగా ఉందా?"

"లేదనుకుంటున్నావా? చానా ఉంది. చెక్కలు తిను, మెత్తబడతయ్."

ఆ వారమే గ్రూపులో రాస్తానన్నాను. రాయలేదు. ఆ వారం కంపెనీలో ఏదో పని. తర్వాత వారం గ్రూపులో ఏదో తగవు నడుస్తోంది, సమయం కాదనిపించింది. ఆ తర్వాత, అందరూ మరిచిపోయారుగదా, ఇప్పుడు కదిలిస్తే ఆవిడకే ఇబ్బంది అనుకున్నాను. ఇలాంటి కారణాలు ఎన్నైనా దొరుకుతాయి. ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తి ఉంటే చెప్పేవాణ్నేమో. కాదు, ఇది కూడా సాకే.

తాళం పోయినందుకు ఆవిడ పెద్దగా బాధపడినట్టు కనపడలేదు. బాధపడింది ఇంకోచోట. పిట్టగోడ మీద ఫోన్లు అలాగే ఉండిపోయాయి. ఎవరికిచ్చినా, "మీరు విశ్రాంతి తీసుకోండమ్మా" అనేవారు. కండక్టరు బస్సులో సీటు చూపించేవాడు, టికెట్ కొట్టేవాడు, ఫోన్ మాట ఎత్తేవాడు కాదు. ఒకసారి నేనూ ఆ బస్సులో ఉన్నాను. ఆవిడ అలవాటుగా, "ఏమయ్యా, తిట్టావా?" అంది. అతను, "అబ్బే, ఏం లేదు మేడం" అని గబగబా వెనక సీట్ల దాకా పోయాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. చూపు అప్పటికి స్పష్టంగా వచ్చేసింది. కళ్లజోడు అవసరమే లేదు.

ఈ ఏడు ఎండాకాలం చివర్లో ఆవిడ పోయింది. గుండె. కాలేజీకి బయలుదేరి చెప్పులు వేసుకుంటూ గడపలో కూలబడిందట.

సంతాప సందేశాలు చూశాక ముందు ఆ ఇంటికే పోయాను. చెల్లెలు మిషను మీద జాకెట్టు కుడుతోంది. నిలబడే చెప్పాను. ఆమె మిషను ఆపలేదు.

"ఆ రోజు గుంటూరులో కంట్లో చుక్కలేసింది నేను. ఫోన్ కూడా ముట్టుకోనీలా. నువ్వేనని నాకు తెలవదా?"

"ఎప్పుడూ ఒక్క మాట అనలేదు నువ్వు."

"టీ ఇయ్యటం మానేశాగా. ఇంకేం చెయ్యమంటావ్?"

దారం తెంపి, జాకెట్టు తిరగేసి, మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. నేను వచ్చేశాను.

గ్రూపులో మొత్తం రాశాను. తేదీతో సహా, ఏ ప్యాకేజీ, ఎవరి తాళం, ఎవరి చెయ్యి. తర్వాత కొచ్చి అమ్మాయి నాకు విడిగా ఫోన్ చేసింది. తిట్టలేదు. ఇంగ్లీషులోనే మాట్లాడింది, గొంతులో అలసట ఉంది.

"అన్నా, ఆవిడ తాళం ఇప్పుడు మూసెయ్యాలి. ఎందుకు మూస్తున్నామో కారణం రాయాలి. మనిషి లేరు అని రాద్దామనుకున్నాం. నువ్వు చెప్పింది నిజమైతే అలా రాయకూడదు. వేరేవాళ్ల చేతిలో పడింది అని రాయాలి. ఆవిడ రాసిన రూలే అది."

"అలా రాస్తే ఏమవుతుంది?"

ఏమవుతుందో నాకు తెలుసు. అయినా అడిగాను. ఒకసారి తాళం బయటి చేతిలో పడిందని రాస్తే, దానితో పెట్టిన ఏ సంతకాన్నీ ఫోన్లు ఇక నమ్మవు. నేను పెట్టిన ఆ ఒక్కటే కాదు. ఇన్నేళ్లూ ఆవిడ ఏరి, ఆరబెట్టి, జనాన్ని అడిగి అడిగి పెట్టినవన్నీ. ఒక్కోటీ మళ్లీ పరీక్షించి వేరేవాళ్లు సంతకం పెట్టాలి. ఆవిడ పేరు ఒక్కో ప్యాకేజీ మీద నుంచీ తీసేయాలి.

"మనిషి లేరు అని రాస్తే ఆవిడ పేరు ఉంటుంది" అన్నాను.

"ఉంటుంది. అబద్ధం కూడా ఉంటుంది."

కొందరు వద్దన్నారు, పోయినావిడ పేరు చెరిపెయ్యడం ఏమిటన్నారు. జర్మనీ ఆయన, ఆవిడైతే ఏం రాసేదో మనందరికీ తెలుసు, వాదన ఎందుకు అన్నాడు. తెలుసు. క్షణం ఆలోచించకుండా రూలు ప్రకారమే రాసేది. తన పేరైనా సరే. వేరేవాళ్ల చేతిలో పడింది అనే రాశాం. ఎవరి చేతిలో అన్నచోట నా పేరు రాయించాను. నా తాళం కూడా తీసేసుకోమన్నాను, తీసుకున్నారు. మళ్లీ సంతకాలు పెట్టే పనిలో నాకు భాగం లేదు. ఉండకూడదు కూడా. కొచ్చి అమ్మాయీ ఇంకా కొందరూ రోజుకు కొన్ని చొప్పున చేస్తున్నారు. నేను పొద్దున్నే లేచి జాబితా చూస్తాను. ఆవిడ పేరు ఉన్నవి తగ్గుతూ వస్తున్నాయి.

నర్సమ్మకు చెప్పాల్సింది మిగిలింది. మెమో పడింది ఆమెకు. మొన్న టీకాల రోజు వార్డు ఆరోగ్య కేంద్రానికి పోయాను. బిడ్డలను ఎత్తుకున్న తల్లులు బెంచీల మీద, గోడ వారన. నన్ను చూసి ఆమే ముందు పలకరించింది.

"అన్నా, మంచి టయానికి వచ్చారు. ఇది చూడండి, పొద్దుట్నుంచీ ఏందో అడుగుతుంది. టీచరమ్మ పేరు చూపిచ్చి, ఈమెను నమ్మొద్దు, తీసెయ్యమంటారా అంటుంది. ఏందన్నా ఇది? పోయినామెను నమ్మకపోవటమేంది?"

అప్పుడు చెప్పాను. బెంచీల మీద వాళ్లు వింటున్నారని తెలిసే చెప్పాను. తాళం ఎలా వచ్చింది, ఏం చేశాను, ఆటోలో బిడ్డ పుట్టిన రోజు ఆమె ఫోన్ ఎవరివల్ల ఆగింది, వసారాలో టీచరమ్మ ఎవరి తప్పుకు క్షమాపణ అడిగింది. ఆమె చేతిలో ఉన్న సిరంజిని ట్రేలో పెట్టి విన్నది.

"నేను ఆమెతో మాట్లాడటం తగ్గించా" అంది. "ఎదురుపడితే తల తిప్పుకుని పోయినా ఒకసారి. అప్పుడు కూడా ఏం అన్లా. బతికున్నప్పుడు చెప్పొచ్చుగా?"

"చెప్పాల్సింది."

"మరి ఇప్పుడు ఇదేం చెయ్యమంటావ్?"

"తీసెయ్యమనే నొక్కాలమ్మా. లేకపోతే కొత్తవి రావు."

ఆమె ఫోన్ వైపు చూసింది. వేలు స్క్రీను దాకా పోయి ఆగింది.

"నేను తియ్యను. నువ్వే తియ్యి."

ఫోన్ నా చేతిలో పెట్టింది. టీచరమ్మ పేరు చిన్న అక్షరాల్లో ఉంది, కింద అవునా కాదా అని రెండు గళ్లు. అవును నొక్కాను. పేరు పోయింది. ఫోన్ తిరిగి ఇచ్చాను. ఆమె దాన్ని నా ముఖం చూడకుండానే తీసుకుని కోటు జేబులో వేసుకుంది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, సిరంజి అందుకుంది.

"తర్వాతెవరమ్మా? రండి, బిడ్డను గట్టిగా పట్టుకోండి."